తాలు కాయల సాక్ష్యం

మొన్న మా అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటువాళ్ళ మనవరాలికి దిష్టి తీశారు. పిల్ల రెండు రోజులుగా పాలు సరిగా తాగడం లేదట. ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, గ్యాసుపొయ్యి మీద పెనం పెట్టి అందులో వేశారు. ఎంతసేపు చూసినా ఎవరికీ ఒక్క దగ్గు రాలేదు. పిల్ల అమ్మమ్మగారు కళ్ళ నీళ్ళతో మా తలుపు కొట్టింది. ఆ నీళ్ళు మిరపకాయల వల్ల వచ్చినవి కావు.

"చూశారాండీ, ఘాటే రాలేదు! ఎంత దిష్టి ఉండుంటుందో పసిదానికి!" అంది.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. దిష్టి తీసిన మిరపకాయల్ని నిప్పులో వేస్తే ఇంట్లోవాళ్ళంతా దగ్గి దగ్గి గుమ్మం బయట పడాలి. అట్లా దగ్గితే మనిషికి దిష్టి లేనట్టు. ఎవరూ దగ్గకపోతే, ఆ మనిషికున్న దిష్టి కాయల ఘాటునంతా మింగేసినట్టు. ఘాటు ఎంత తగ్గితే దిష్టి అంత పెద్దది.

"ఏ కాయలు వేశారండీ?" అన్నాను.

"కొట్లో కొన్న ప్యాకెట్టేనండీ."

వెళ్ళి చూశాను. కాయలు పెళ్ళికూతురి గోళ్ళకు మల్లే ఎర్రగా మెరుస్తున్నాయి. ఒకటి విరిస్తే లోపల గింజ లేదు, ఉత్త డొల్ల. భూమండలానికంతా కారం పంచే గుంటూరులో కాపురముంటూ, రంగేసిన తాలు కాయలు కొని తెచ్చుకున్న ఆ మహాతల్లిని చూసి నవ్వొచ్చింది. "దిష్టీ లేదు, పాడూ లేదు. ఇవి తాలు కాయలండీ" అని మా ఇంట్లోంచి పిడికెడు మంచి కాయలు తెచ్చిచ్చాను. ఆ తర్వాత మా బ్లాకు ఐదంతస్తులూ దగ్గాయి. వాచ్‌మన్ గేటు వదిలేసి రోడ్డు దాటాడు. లిఫ్టు కూడా దగ్గిందని నా అనుమానం.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక మాత్రం మిరపకాయల డబ్బాకి మూత పెట్టకుండానే కూర్చుండిపోయాను. ఇవి తాలు కాయలు అన్న ముక్క ఎంత తేలిగ్గా చెప్పేశానో! చిన్నప్పుడు అదే ముక్క నమ్మించడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజుల్లో ఒక మనిషి అన్నం మానేసింది.

*

మిరపకాయలు కల్లంలో ఎండాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరతారు. తెల్లబడినవీ, పుచ్చినవీ, గింజలేని డొల్లలూ పక్కకు తీసి పడేస్తారు. అదే తాలు. పస లేని మాటల్ని కూడా మా ఊళ్ళో తాలు మాటలనేవారు. ఆ రెండో రకం తాలు పండించడంలో మా ఊరు మొత్తానికీ నేనే పెద్ద రైతుని.

నాకు పుట్టుకతో ఒక జబ్బు ఉంది. ఏం చూసినా పదింతలు చేసి చెబుతాను. దొడ్లో తొండ కనిపిస్తే ఉడుమన్నాను. ఉడుము కనిపించినరోజు మొసలన్నాను. మొసలి అన్నరోజు పెద్దవాళ్ళు నిజంగానే గడ్డపారలు పట్టుకుని వచ్చారు. ఆనాటి నుంచి నేను "అమ్మా, ఆకలి" అన్నా మా అమ్మ ముందు నా పొట్ట నొక్కి చూసి గానీ అన్నం పెట్టేది కాదు.

మా ఊరు రెండు వాగుల మధ్య ఒక నల్లరేగడి దిబ్బ. ముప్ఫై ఇళ్ళు. బయటివాళ్ళకు మూడొందలని చెప్పేదాన్ని. కార్తీకం వెళ్ళాక తుఫాను పడిందంటే రెండు వాగులూ ఒకటై, వాగు దాటే చప్టా మీద నిలువెత్తు నీళ్ళు పారి, మేము దీవిలో ఉన్నట్టే. సంతకు పోయినప్పుడు అవతలి ఊళ్ళవాళ్ళు "అదుగో దీవోళ్ళు వచ్చార్రా" అనేవారు. నీళ్ళు తీసినా బురద తీసేది కాదు. మా రేగడి కాలు పట్టుకుంటే వదలదు. మా బాబాయి చెప్పులు ఒక ఏడాది పత్తిచేలో కూరుకుపోయి, మూడేళ్ళ తర్వాత నాగలికి తగిలాయి. అవి అప్పటికి రెండు జతలయ్యాయని నేను బళ్ళో చెప్పాను.

ఆ చలికాలం మా దిబ్బ మీదికి ఒక అయ్యగారూ అమ్మగారూ వచ్చారు. బైబిలు వాక్యం చెప్పే అయ్యగారు. ఎక్కడో గోదావరి అవతల నుంచి, పత్తితీతలప్పుడు వచ్చి, మిరపకోతల దాకా ఉండి పోదామని. మా ఊళ్ళో ప్రార్థన చేసుకునే ఇళ్ళు ఆరో ఏడో ఉండేవి గానీ గుడంటూ లేదు. పొగాకు వేయడం మానేసిన ఒక రైతు తన పాత బ్యారన్ ఇచ్చాడు. పొగాకు కాల్చే ఎత్తైన గది. పైన కర్రలు, కింద ఇనప గొట్టాలు. ఆ గొట్టాల మధ్య వాళ్ళ మంచం, ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు. వెనక వంటకి ఒక చిన్న పంచ.

అయ్యగారు సన్నగా కందికట్టెలా ఉండేవారు. గొంతు మాత్రం ఏ పెద్దమనిషి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుండేది. చేతిలో బ్యాటరీ మైకు. ఆయన "సహోదరులారా" అంటే అవతలి గట్టున మేస్తున్న గేదెలు తలెత్తేవి. చుట్ట మానండి, తాయెత్తులు తెంచండి, దిష్టులూ గిష్టులూ ఉత్త భయాలు, మీ భయాలను ఈ వాగులో పడేయండి అని చెప్పేవారు. వచ్చిన చిక్కల్లా బ్యారన్‌తో. ఇరవయ్యేళ్ళ పొగాకు వాసన గోడల్లోంచి ఆయన చొక్కాల్లోకి ఎక్కింది. చుట్ట మానమని చెప్పే మనిషి దగ్గర గుప్పుమని చుట్ట వాసన.

మా నాయనమ్మ రోజుకి నాలుగు చుట్టలు, నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే మనిషి. ఆమె ఆయన్ని ఎంత ప్రేమగా పిలిచేదో. "రాండి అయ్యగారూ, ఇట్టా నా పక్కన కూర్చుని చెప్పండి వాక్యం. మీరు చెబుతుంటే నాకు కాల్చినంత హాయిగా ఉంటది."

మొదటి రోజు మా ఇంట్లోనే భోజనం. జొన్నసంకటి, గోంగూర, పండుమిరప పచ్చడి. అయ్యగారు పచ్చడితో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "ప్రభువా!" అన్నారు. ప్రార్థన మొదలైందనుకుని మేమంతా కళ్ళు మూసుకున్నాం. తెరిచేసరికి ఆయన బావి దగ్గర ఉన్నారు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు ఆమె ఆ క్షణాన నచ్చింది. గుండ్రటి మొహం, పెద్ద జడ, ఎడమ బుగ్గ మీద చిన్న మచ్చ. మైకు లేకుండానే పాడేది. ఆమె పాడుతుంటే పత్తి తీసే ఆడవాళ్ళు సాలు చివరికి వచ్చి వెనక్కి తిరగడం మర్చిపోయి నిలబడేవాళ్ళు.

*

ఆదివారం ప్రార్థన కూటం చివర అయ్యగారు "సాక్ష్యం చెప్పేవారు లేవండి" అనేవారు. ఎవరి జీవితంలో ఏం జరిగిందో, దేవుడు ఏం చేశాడో నలుగురిలో లేచి చెప్పాలని ఆయన ఉద్దేశం. మా దిబ్బవాళ్ళకు సాక్ష్యమంటే ఒకటే తెలుసు. గట్టు తగాదాలో తలలు పగిలి సగం ఊరు కోర్టు చుట్టూ తిరిగి వచ్చింది. మొదటి ఆదివారం ఎవరూ లేవలేదు. ఆఖరికి ఒక ముసలాయన చేతులు కట్టుకుని లేచి, "ఆ రోజు నేను ఊళ్ళో లేనండీ" అని కూర్చున్నాడు.

అయ్యగారు ఎంత విడమరిచి చెప్పినా ఒక నమ్మకం మాత్రం మా వాళ్ళకు పోలేదు. సాక్ష్యంలో అబద్ధమాడితే పోలీసులు పట్టుకుపోతారు. అందుకని మా వాళ్ళ సాక్ష్యాలు మహా జాగ్రత్తగా ఉండేవి. "నాకు జ్వరం వచ్చిందండీ. తగ్గిందండీ. ఎవరు తగ్గించారో నేను చూళ్ళేదండీ."

నేను ఆ కూటాలకు బొరుగుల కోసం పోయేదాన్ని. చివర్లో అమ్మగారు పిల్లలకు పిడికెడు బొరుగులూ బెల్లంముక్కా పెట్టేది. ఈ తిండి పిచ్చి దగ్గరే అసలు కథంతా ఉంది.

తుఫానుకు ముందు, చప్టా మీద ఇంకా దారి ఉన్నప్పుడు, బొరుగుల ఉండలమ్మే తాత ఒకాయన వారానికోసారి వచ్చేవాడు. డబ్బులు అడిగేవాడు కాదు. గుప్పెడు ఎండుమిరపకాయలిస్తే ఒక ఉండ. మా ఇంట్లో పొయ్యి పక్కన మట్టికుండలో ఎండుకాయలుండేవి. నేను ఒక గుప్పెడు తీసుకున్నాను. మరుసటి వారం రెండు. కుండ తగ్గడం కనబడకూడదు కదా? అటక మీద, వానకు తడిసి బూజుపట్టిన పాత తాలు సంచి ఉంది. ఎన్ని గుప్పెళ్ళు తీస్తే అన్ని గుప్పెళ్ళ తాలు కుండలో పోసేదాన్ని. నాయనమ్మ కళ్ళకు శుక్లాలు. వంటింట్లో చీకటి. నెల తిరిగేసరికి కుండలో మంచికాయ ఒక్కటి లేదు, నా పొట్టలో ఉండలు ముప్ఫై. సరే, పన్నెండు.

"ఏందే కోడలా, పోపు చప్పగా ఏడిచింది?" అనేది నాయనమ్మ అన్నంలో చెయ్యి పెట్టి.

"మీ నాలుక మొద్దుబారిందత్తా, ఆ చుట్టలకి" అనేది మా అమ్మ.

నేను తల వంచుకుని తినేదాన్ని.

*

తుఫాను వచ్చింది. మూడు రోజులు ఆకాశం మా దిబ్బ మీదే కూర్చుంది. చప్టా కొట్టుకుపోయింది. తీసిన పత్తి ఇళ్ళల్లో కుప్పలు పోసుకుంటే తడి పత్తి వాసన, తడి కుక్కల వాసన, రేగడి వాసన కలిసి ఊరంతా ఒకటే కంపు. పొలాల్లో మిరపచెట్లు నీళ్ళలో నిలబడి ఆకులు ముడుచుకున్నాయి. అవతలికి పోవాలంటే ఒక తాటిదోనె. ఒక వారం అది తిరగబడి రెండు మేకలూ ఒక బస్తా నూకలూ పోయాయి. నేను పదహారు మేకలన్నాను.

ఆ వాన వెలిసిన నాలుగో రోజు, దీపాలవేళ, అమ్మగారు మా పెరటి గుమ్మంలోంచి వచ్చింది. అయ్యగారు అప్పుడు ఊరి ఆ చివర ఎవరింట్లోనో ప్రార్థనలో ఉన్నారు. మైకు వినబడుతూనే ఉంది.

"పెద్దమ్మగారూ, మీతో ఒక మాట. ఆయనకి చెప్పకండి" అంది.

నాయనమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. చుట్ట పక్కన పెట్టిందంటే సంగతి పెద్దదే. నేను పత్తి కుప్ప మీద పడుకుని నిద్ర నటించాను.

అమ్మగారికి ఐదో నెల. అంతకు ముందు ఇద్దరు పోయారు. ఇద్దరూ ఐదో నెలలోనే. పుట్టింట్లో ఉన్నప్పుడు వాళ్ళమ్మ దిష్టి తీసేదట. పెళ్ళయ్యాక అది లేదు. "ఆయన చెప్పేదంతా నిజమేనండీ. నేనూ నమ్ముతాను. కానీ పడుకుంటే భయమేస్తది. ఒక్కసారి తీస్తారా?" అంది.

"దానికేముందే తల్లీ, ఇట్టా కూర్చో" అంది నాయనమ్మ. "ఒసేయ్, నిద్ర నటించింది చాల్లే. లేచి కుండలో పిడికెడు కాయలూ రాళ్ళుప్పూ పట్రా."

కుండలో చెయ్యి పెట్టాను. మెత్తగా, ఎండుటాకుల్లా తగిలాయి. ఆ క్షణంలో ఒక్క మాట చాలు. నాయనమ్మా, ఇవి తాలు. అనలేదు. అంటే ఉండల సంగతి బయటికొస్తుంది. పిడికిలి గట్టిగా మూసి, పైన ఉప్పు కప్పి తెచ్చిచ్చాను.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినోళ్ళ దిష్టి, పోయినోళ్ళ దిష్టి" అంటూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పు చిటపటలాడింది. తర్వాత కాలిన గడ్డి వాసన. అంతే. నేను దగ్గడానికి ప్రయత్నించాను. రాలేదు.

"ఓయమ్మో" అంది నాయనమ్మ. "ఇంత దిష్టి మోసుకుని ఎట్టా తిరుగుతున్నావే తల్లీ!"

అదే సమయానికి మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి పిన్ని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఇంకేం కావాలి. కుండలో మిగిలిన కాయలకు కూడా దిష్టి సోకి ఉంటుందని నాయనమ్మ మరునాడు పొద్దున్నే కుండ తీసుకుపోయి వాగులో వదిలేసింది. నా నేరానికి ఉన్న ఒకే ఒక్క ఆనవాలు అట్లా నీళ్ళ పాలైంది.

*

మా దిబ్బ మీద మంచివాళ్ళే ఉండేవాళ్ళు. ఎవరూ అమ్మగారిని ఒక్క మాట అనలేదు. ఆమె వస్తుంటే కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి పోయేవాళ్ళు. చంటిపిల్లల మొహాల మీదికి కొంగులు జారేవి. పత్తికుప్ప దగ్గరికి వచ్చి కూర్చుంటే, "ఎండగా ఉంది, ఇంటికాడ పడుకోండమ్మగారూ" అనేవాళ్ళు. మబ్బు పట్టిన రోజు కూడా అదే మాట. మిరపచేలకు బొబ్బర తెగులు పట్టి ఆకులు ముడుచుకుంటే, ఎవరూ ఏమీ అనకుండానే, అందరూ బ్యారన్ వైపు చూశారు.

అయ్యగారికి ఎవరూ చెప్పలేదు. కూటానికి జనం తగ్గుతున్నారని ఆయన ఇంకా గట్టిగా చెప్పేవారు. మైకులో "భయపడకుడి" అంటుంటే, లోపల అమ్మగారు అన్నం కలిపి, కలిపిన పళ్ళెం అట్లాగే మూతపెట్టేసేది. నేను బొరుగుల కోసం వెళ్ళి చూశాను. ఆమె ఇప్పుడు పాడడం లేదు. గుండ్రటి మొహం కోలగా అయింది. ఇది నేను పెంచి చెప్పడం లేదు.

నేను చెప్పకపోలేదు. మూడో రోజే నాయనమ్మకు చెప్పాను. "నాయనమ్మా, అవి తాలు కాయలు. నేనే మార్చాను."

"ఆఁ, మార్చావులే. ముందు నువ్వు పట్టిన మొసలి ఏమైందో చెప్పు" అంది.

అమ్మకు చెప్పాను. "నీ మాటల్లోదేనే అసలు తాలు" అంది.

ఆఖరికి అమ్మగారికే చెప్పాను. బ్యారన్ గోడ పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని. ఆమె వంగి నా తల నిమిరింది. "నా కోసం అబద్ధం చెబుతున్నావా తల్లీ? ఎంత మంచిదానివే" అంది. దానికంటే దెబ్బ కొట్టినా బాగుండేది. అటక మీద ఖాళీ సంచి చూపిస్తానన్నాను. ఖాళీ సంచిలో ఏముందని ఎవరు చూస్తారు?

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ పెరటి దారిన వచ్చింది. చేతిలో చిన్న సంచి. "సోమవారం పొద్దున దోనెలో అవతలికి పోతానండీ. మా అమ్మ దగ్గరికి. ఆయనకి ఒంట్లో బాగాలేదని చెబుతాను" అంది.

"వాగు చూశావా? మేకల్నే తిరగేసింది. కడుపుతో ఉన్నదానివి!" అంది నాయనమ్మ.

"ఇక్కడుంటే మాత్రం దక్కుద్దా పెద్దమ్మగారూ?"

వాగు చప్పుడు మా ఇంటిదాకా వినబడుతోంది. ఆ చప్పుడు నాకు ఆ రోజు నుంచీ ఇష్టం లేదు.

*

ఆదివారం పొద్దున కూటానికి పదిహేను మంది ఉన్నారు. నాయనమ్మ ఎప్పటిలాగే బయట అరుగు మీద, లోపలి చుట్ట వాసన కోసం కిటికీకి ఆనుకుని కూర్చుంది. అయ్యగారు "సాక్ష్యం చెప్పేవారు లేవండి" అన్నారు.

నేను లేచాను. నా వయసు తొమ్మిదో పదో. నాకు తెలిసిందల్లా ఒకటే, సాక్ష్యంలో అబద్ధం చెబితే జైలు. కాబట్టి సాక్ష్యంలో చెప్పింది నమ్ముతారు. నమ్మించడానికి నాకు ఇంకో చోటు లేదు.

"సాక్ష్యం చెబుతున్నాను. పోలీసులు పట్టుకుపోయినా సరే" అన్నాను.

ఎవరో నవ్వారు. అయ్యగారు నవ్వుతూనే మైకు నా మూతి దగ్గర పెట్టారు. మైకు సంగతి నేను మర్చిపోయాను. ఊరు ఊరంతా విన్నది.

"నేను మా కుండలో మంచికాయలు తీసి బొరుగుల తాతకి ఇచ్చాను. పన్నెండు ఉండలు తిన్నాను. వందని చెబుతాను గానీ పన్నెండే. తాలు కాయలు కుండలో పోశాను. అమ్మగారికి దిష్టి తీసింది తాలు కాయలతో. అందుకే ఘాటు రాలేదు. అమ్మగారికి దిష్టి లేదు. ఆమెని దోనె ఎక్కనీయకండి."

అయ్యగారి మొహం మీది నవ్వు అట్లాగే ఉండిపోయింది. తీసేయడం మర్చిపోయినట్టు. ఆయన అమ్మగారి వైపు చూశారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేను అప్పుడే విన్నాను. "దిష్టి తీయించుకున్నావా?"

ఆమె జవాబు చెప్పేలోపు కిటికీ బయట నుంచి నాయనమ్మ కేక వేసింది.

"అందుకటే అప్పుడు పోపు నెల్లాళ్ళు చప్పగా ఏడిచింది! నా నాలుక్కేం రోగం? ఒసే దొంగముండా! అవి తాలేనర్రా, తాలే! ఇది ఒక్కసారి నిజం చెప్పింది!"

మా దిబ్బ నమ్మింది. నా మాటను కాదు, నాయనమ్మ నాలుకను. లోపలున్నవాళ్ళంతా ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు. పక్కింటి పిన్ని ఏడ్చింది. ఆ గోలలో అమ్మగారు లేచి నిలబడింది.

"నేనూ సాక్ష్యం చెప్పాలండి" అంది భర్తతో. అందరి ముందూ, అండీ అంటూ. "నేనే వెళ్ళి అడిగాను. నాకు భయమేసింది. మీకు చెప్పుకోలేకపోయాను."

నెల కిందట ఆయన మాట మీద తాయెత్తు తెంచి వాగులో పడేసిన ఒకాయన వెనక వరసలోంచి మెల్లగా అన్నాడు. "మరి మా తాయెత్తుల సంగతేందండీ అయ్యగారూ?"

అయ్యగారు మైకు బటన్ నొక్కి ఆపేశారు. ఆ టిక్కుమన్న చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. నేను చెప్పింది నిజం. ఆ నిజం ఒకరిని వాగులోంచి లాగి ఇంకొకరిని అందులో తోసింది.

*

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. అమ్మగారు వెనకే. వీపు మీద మా అమ్మ వేసిన వాతలతో నేను పత్తి కుప్ప చాటున ఉన్నాను.

"నాకు వీటి మీద నమ్మకం లేదమ్మా. ఇప్పటికీ లేదు" అన్నారు నాయనమ్మతో. "కానీ ఈమె అన్నం తిని ఎన్ని రోజులైందో నాకు తెలియలేదు. ఒకే గదిలో ఉండి తెలియలేదు. మంచికాయలతో తీయండి. నేను అటు తిరిగి కూర్చుంటాను."

ఊరంతా మా పెరట్లోనే ఉంది. ప్రతి ఇంటివాళ్ళూ గుప్పెడు కాయలు తెచ్చారు. కొంగులతో పిల్లల మొహాలు కప్పిన ఆడవాళ్ళే ముందు తెచ్చారు. నాయనమ్మ ప్రతి కాయా విరిచి, గింజ నమిలి చూసి గానీ గుప్పిట్లోకి తీసుకోలేదు. మూడుసార్లు తిప్పింది. పొయ్యిలో వేసింది.

వచ్చింది ఘాటు. ఎట్లా వచ్చిందని చెప్పను? గోడలు దగ్గాయి. గేదె పలుపు తెంచుకుంది. అటు తిరిగి కూర్చున్న అయ్యగారు అందరికంటే ఎక్కువ దగ్గారు, భుజాలు ఎగిరెగిరి పడేలా, కళ్ళ వెంట నీళ్ళు ధారగా. అవి ఏ నీళ్ళో ఎవరం అడగలేదు. దగ్గుతూనే అందరూ నవ్వుతున్నారు. ఏడుస్తున్నారు.

అమ్మగారు మాత్రం దగ్గలేదు.

పొయ్యి ముందు కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు బిగించి నిలబడి ఉంది. నాయనమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. నేను దగ్గరగా వెళ్ళి చూశాను. ఆమె ముక్కుపుటాలు కదలడం లేదు. ఊపిరి బిగబట్టింది. ఈసారీ ఘాటు రాకపోతే ఏం చేయాలో తెలియక పీల్చడమే మానేసింది.

నేను కొంగు పట్టుకుని లాగాను. "పీల్చండి అమ్మగారూ. వచ్చింది. ఒట్టు. పీల్చండి."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. తర్వాత పీల్చింది. కూలబడి దగ్గింది. దగ్గుతూ దగ్గుతూ ఒక్కసారి ఆగి, ఎవరో పిలిచినట్టు, పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. నాయనమ్మకు తెలిసింది. వెళ్ళి చుట్ట వెలిగించుకుంది.

*

ఆమె సోమవారం దోనె ఎక్కలేదు. పుష్యమాసం దాకా ఉన్నారు. అమ్మగారు మా ఇంట్లోనే మధ్యాహ్నం తినేది. మంచికాయల పోపుతో. అయ్యగారు మాత్రం మళ్ళీ మైకు పట్టుకోలేదు. కూటం చేసేవారు గానీ చెవి ఒగ్గి వినాల్సినంత మెల్లగా చెప్పేవారు. ఆయన నన్ను చూసి నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు దాక్కోవాలనిపించేది. మొదటి కోత ఎర్రకాయలు కల్లంలో పరిచిన రోజు, చప్టా మీద రాళ్ళు పేర్చి దారి చేశాక, ఎడ్లబండి మీద వెళ్ళిపోయారు. అమ్మగారికి అప్పుడు ఏడో నెల. బండి చప్టా దాటేదాకా నాయనమ్మ నిలబడే ఉంది.

ఆ తర్వాత వాళ్ళ కబురు మాకు రాలేదు. నాయనమ్మ అవతలి నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేది. బొరుగుల తాతనూ అడిగింది. "ఏ అయ్యగారు? ఆ వైపు వందమంది ఉన్నారు" అన్నాడు. ఇప్పుడు ఆ చప్టా మీద వంతెన ఉంది. గ్రానైటు లారీలు దాని మీద నుంచి చీమకుర్తి పోతుంటాయి. మా దిబ్బ దీవి కాదు, బ్యారన్ లేదు, ఆ వాసన కూడా లేదు.

నాయనమ్మ పోయే ముందు నెల రోజులు మంచంలో ఉంది. కళ్ళు పూర్తిగా పోయాయి. అప్పటికి నాకు పెళ్ళయింది, పుట్టింటికి వచ్చి ఆమె పక్కనే కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "ఒసేయ్, ఆ అమ్మగారికి ఏం పుట్టిందే? బిడ్డ బతికిందంటా?" అంది.

ఎన్ని మాటలు నా నాలుక మీదికి వచ్చాయో! కవలలు పుట్టారని చెప్పొచ్చు. ఇద్దరూ మగపిల్లలనీ, ఒకడు కలెక్టరనీ, ఒకడు అమ్మలాగే పాడతాడనీ, నీ పేరు చెప్పుకుంటారనీ చెప్పొచ్చు. జీవితమంతా పదింతలు చేసి చెప్పినదాన్ని.

"తెలియదు నాయనమ్మా" అన్నాను.

ఆమె నా వైపు తల తిప్పింది. చెయ్యి చాచి నా మొహం తడిమింది. "అవునులే, మనకెట్టా తెలుస్తది" అంది.

నేను చెప్పిన మాటని మారు మాట లేకుండా మా నాయనమ్మ నమ్మింది ఆ ఒక్కసారే.